హైదరాబాద్ డిటెక్టివ్, ఉప్పాడ తీరం: సముద్రపు మర్మకథ రాయడానికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో కూర్చుని సముద్రతీరపు డిటెక్టివ్ నవల రాయాలనుకునేవారిలో చాలామంది పొగమంచుతోనూ, పాడుబడిన లైట్‌హౌస్‌తోనూ, మందు సీసా వదలని డిటెక్టివ్‌తోనూ మొదలుపెడతారు. ఆ సరంజామా ఎక్కడో చదివి తెచ్చుకున్నది. కోస్తా తీరంలో భయపెట్టే విషయాలు వేరే ఉన్నాయి, హైదరాబాద్ ప్రైవేటు డిటెక్టివ్ చేసే పొరపాట్లు వేరే ఉన్నాయి. ఈ రెండింటినీ తెలుసుకుని ఒకదానికొకటి ముడివేయగలిగితే నవల నిలబడుతుంది. డిటెక్టివ్ ఏ లోపం వల్ల నిజాన్ని చూడలేకపోతున్నాడో, ఆ లోపమే తీరంలోని భయాన్ని కొంతకాలం బతికించాలి. లోపం ఒక పక్క, రహస్యం మరో పక్క నడిచే కథలో లోపం అలంకారంగా మిగిలిపోతుంది. ఇక్కడ చెప్పబోయే అడుగులన్నీ ఆ ముడి కోసమే. అర్థం కావడానికి ఒక ఊహా కథను మొదటి నుంచి చివరి వరకు వెంట తీసుకువెళతాను. అందులోని డిటెక్టివ్‌ను రఘురాం అని పిలుచుకుందాం.

మొదటి అడుగు: లోపాన్ని వృత్తిలోనుంచి తీయండి

తాగుడు, విడాకులు, చనిపోయిన భార్య జ్ఞాపకం వంటివి ఏ వృత్తిలో ఉన్న మనిషికైనా అంటించవచ్చు. అందుకే అవి డిటెక్టివ్ గురించి మనకు కొత్తగా ఏమీ చెప్పవు. హైదరాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే మనిషికి రోజువారీ పని ఏమిటో ముందుగా చూడండి. పెళ్లి సంబంధాల విచారణ, ఉద్యోగుల పూర్వాపరాల పరిశీలన, భార్యాభర్తల అనుమానాలు, ఇల్లు వదిలి వెళ్లినవారి వెతుకులాట. హత్య కేసు అతని గుమ్మం తొక్కడం చాలా అరుదు. అమీర్‌పేటలో మైత్రివనం దగ్గర, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక అసిస్టెంటు ఉంటే అతని సామ్రాజ్యం అంతే.

అటువంటి మనిషికి వృత్తి నుంచే అంటుకునే జబ్బు ఒకటి ఉంది: డబ్బు ఇచ్చినవారు వినాలనుకున్న జవాబునే రిపోర్టుగా రాసి ఇవ్వడం. ఆడపిల్ల తండ్రి శుభలేఖలు అచ్చు వేయించిన తరువాత, మనసు కుదుటపడటం కోసం మాత్రమే విచారణ చేయించుకుంటాడు. రఘురాం ఒకప్పుడు అలాంటి తండ్రికి "అబ్బాయి నడవడి బాగున్నది" అని ఒక వాక్యం రాసి ఇచ్చాడు. వరుడి ఆఫీసులో ఒక మనిషి చెప్పబోయి ఆగిపోయిన మాటను అతను మళ్లీ వెళ్లి అడగలేదు. ఆ పెళ్లి ఎలా ముగిసిందో మీరు నిర్ణయించండి. కానీ ఆ వాక్యాన్ని మాత్రం యథాతథంగా నవలలో ఉంచండి, ఎందుకంటే చివరి అధ్యాయంలో అతను రాసే రిపోర్టును పాఠకుడు దానితోనే పోల్చి చూస్తాడు. లోపాన్ని విశేషణాలతో వర్ణించకుండా ఇలా ఒక కాగితం మీద, ఒక వాక్యంలో చూపించండి.

రెండో అడుగు: అతనికి ఏ అధికారమూ లేదని గుర్తుంచుకోండి

మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కు ప్రత్యేకంగా లైసెన్సు ఇచ్చే చట్టం లేదు. 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. అతను ఎవరినీ అరెస్టు చేయలేడు, సోదా చేయలేడు, పోలీసు ఫైలు చూపించమని ఆజ్ఞాపించలేడు. ఇతరుల ఫోన్ కాల్ వివరాలను దొడ్డిదారిన సంపాదించడం నేరం. కాబట్టి మీ నవలలో ఒక ఫోన్ చేయగానే కాల్ డేటా చేతికి వచ్చే సన్నివేశం ఉంటే తీసేయండి.

దీన్ని ఇబ్బందిగా భావించనక్కర లేదు. తలుపులు మూసుకుపోయినప్పుడే అతను మనుషుల దగ్గరికి, బహిరంగంగా దొరికే కాగితాల దగ్గరికి వెళతాడు. రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఆ భూమి ఎప్పుడు ఎవరి చేతికి మారిందో, ఏ అప్పుకు తనఖా పడిందో తెలుస్తుంది. కోర్టు కేసుల స్థితిని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, అయితే దానికి జవాబు రావడానికి ముప్పై రోజులు పట్టవచ్చు, ఆ ఆలస్యాన్ని కథలో వాడుకోండి.

2014 తరువాత ఇంకొక చిక్కు వచ్చింది, అది నవలకారుడికి వరం. మనిషి తప్పిపోయాడన్న ఫిర్యాదు తెలంగాణలోని పోలీసు స్టేషన్‌లో ఉంటుంది, గుర్తుతెలియని శవం ఫైలు ఆంధ్రప్రదేశ్‌లోని స్టేషన్‌లో ఉంటుంది. ఆ రెండు ఫైళ్లూ ఒక బల్ల మీదికి రావాలంటే ఎవరో ఒకరు తిరగాలి. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. కాబట్టి మీ కథ ఆ తేదీ తరువాత జరిగితే శవ పంచనామాను పాత 174వ సెక్షన్ కింద రాయించకండి, ఇప్పుడది 194వ సెక్షన్.

మూడో అడుగు: తీరాన్ని ఎంచుకోండి

భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు ఉన్నాయి. బందరుకు 1864 నవంబరు 1 నాటి ఉప్పెన, దివిసీమకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఉన్నాయి. కోరంగి రేవును 1839 నాటి తుఫాను తుడిచిపెట్టింది. ఇవన్నీ బలమైన నేపథ్యాలే. అయినా వేలమంది ప్రాణాలు తీసిన ఉప్పెనను దయ్యం కథకు తెరగా వాడుకోవడం నాకు ఇష్టం లేదు. దివిసీమలో ఆ రాత్రిని చూసినవారు ఇంకా బతికే ఉన్నారు.

నేను ఎంచుకునేది కాకినాడకు ఈశాన్యంగా ఉన్న ఉప్పాడ ప్రాంతం. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు ముక్కలు నీటిపాలయ్యాయి. 2020 నవంబరులో నివర్ తుఫాను తరువాత ఒడ్డున బంగారు రేణువులు దొరుకుతున్నాయని ఊరి జనం ఇసుకను జల్లించిన దృశ్యాలు వార్తల్లో వచ్చాయి. కిందటి తరం వాళ్లు దణ్ణం పెట్టుకున్న గుడి ఇప్పుడు అలల కింద ఉందంటే, అక్కడినుంచి గంట మోగిందని ఎవరైనా చెప్పినప్పుడు ఊరు నమ్మడంలో వింత లేదు. మీ కథ జరిగే పల్లెకు మాత్రం కల్పిత నామం పెట్టండి. నిజమైన ఊరికి నేరాన్ని అంటగట్టకూడదు.

ప్రయాణం సంగతి: లింగంపల్లి నుంచి రాత్రి బయలుదేరే గౌతమి ఎక్స్‌ప్రెస్ కాకినాడ వెళుతుంది. రఘురాం ఎక్కాల్సింది అదే. ఒక విషయం మరచిపోకండి, మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోనుంచి పైకి వస్తాడు. సముద్రంలోకి కుంగే సూర్యుణ్ణి చూస్తూ డిటెక్టివ్ నిట్టూర్చే వాక్యం కోనసీమలోగాని కాకినాడలోగాని చదివినవారు పుస్తకం అక్కడే మూసేస్తారు.

నాలుగో అడుగు: రెండు వింతలు పెట్టండి, ఒకటి ప్రకృతిది, ఒకటి మనిషిది

ఈ అడుగు మీద ఎక్కువ సమయం గడపాలి. ఊరిని భయపెట్టే సంగతులన్నీ దొంగల పనే అని తేలిస్తే పాఠకుడు మోసపోయినట్లు భావిస్తాడు. అన్నీ ప్రకృతి సహజమే అంటే కథే లేదు. రెండు వింతలు ఉండాలి, పాఠకుడు వాటిని ఒకటిగా పొరబడాలి.

మొదటిది నీలి వెలుగు. నాక్టిలూకా అనే ఏకకణ జీవులు నీటిలో విపరీతంగా పెరిగినప్పుడు, అల విరిగిన చోటల్లా, అడుగు పడిన చోటల్లా నీలం రంగు వెలుగు లేస్తుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో ఇలా కనిపించినప్పుడు జనం రాత్రిపూట బీచ్‌కు తరలివచ్చారు. వెన్నెల లేని రాత్రి ఈ వెలుగు స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని మొదటిసారి చూసినవాడికి నీటి కింద ఎవరో దీపాలు పట్టుకుని నడుస్తున్నట్లు అనిపించడం సహజం. ఇది మన కథలో నిర్దోషి. కానీ నేరస్థుడికి ఉపయోగపడే నిర్దోషి.

రెండోది గంట. మునిగిన గుడి ఉన్న దిక్కునుంచి అమావాస్య రాత్రి గంట వినిపిస్తుంది. రఘురాం దీనికి తెలివైన సమాధానం ఒకటి కనిపెడతాడు. అమావాస్యకు పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువ. నీరు బాగా వెనక్కి తీసినప్పుడు ఏదో ఇనుప గొలుసు పాత గోడ మొండికి కొట్టుకుని మోగుతోంది, దయ్యమూ లేదు, నేరమూ లేదు. పాఠకుడు కూడా ఒప్పుకుంటాడు. కానీ ఆ సమాధానంలో పెద్ద లొసుగు ఉంది. సముద్రానికి అమావాస్య ఎంతో పౌర్ణమీ అంతే. సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వచ్చే ఆ రెండు తిథుల దగ్గరా పోటు సమానంగానే పెరుగుతుంది. గొలుసే మోగుతుంటే పౌర్ణమికి కూడా మోగాలి. అమావాస్యకు మాత్రమే మోగుతోందంటే మోగించేవారికి కావలసింది పాటు నీరు కాదు, చీకటి. లాంతరు వెలిగిస్తే దూరానికి కనబడుతుంది కనుక, చీకట్లో పడవను ఒడ్డుకు పిలవడానికి ఎవరో గంట వాడుతున్నారు. ఊరు తలుపులు వేసుకుంటుంది కనుక చూసేవారు ఉండరు.

ఈ ఆధారాన్ని దాచకండి, పాఠకుడి కళ్ల ముందే పెట్టండి. ఒక ముసలి మత్స్యకారుడితో రఘురాం మాట్లాడే ఘట్టం ఇలా ఉండవచ్చు:

"ఆ గంట ఎప్పుడెప్పుడు మోగుతది పెద్దాయనా?"

"ఆయ్, అమాస రేతిరి మోగుద్దండి. పున్నమికి మోగదండి."

"పున్నమికి ఎందుకు మోగదు?"

"కార్తీక స్తానాలకి జనం ఉంటారు కదండీ. జనం ఉంటే ఆయన రాడండి."

రఘురాం పుస్తకంలో "అమావాస్య, గంట" అని రాసుకుని మూసేస్తాడు. రెండో సగం రాసుకోడు. ముసలాయన ఇచ్చిన కారణం నమ్మదగినట్లే ఉంది, పైగా అది రిపోర్టుకు అక్కరలేదు. కార్తీక పౌర్ణమికి జనం ఉన్న మాట నిజం. మార్గశిర పౌర్ణమికి ఒడ్డున ఎవరూ లేరు, అయినా గంట మోగలేదు. దాన్ని గమనించడానికి అతను ఆ రాత్రి ఊళ్లో ఉండాలి. ఉండడు, అప్పటికే రిపోర్టు ఇచ్చేసి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు. అతని లోపం కథను ఆలస్యం చేయడమంటే ఇదే.

ఐదో అడుగు: శవం ఎవరిదో తేల్చడంలో తప్పు చేయించండి

ఇప్పుడు కేసు సంగతి. చిక్కడపల్లిలో ఉండే అన్నగారు రఘురాం దగ్గరికి వస్తారు. తమ్ముడు సొంత ఊరిలో భూమి చూసుకోవడానికి వెళ్లి దీపావళి రాత్రి మాయమయ్యాడు, ఒడ్డున చెప్పులు మాత్రం దొరికాయి. నాలుగు రోజుల తరువాత ఈశాన్యంగా ఇంకొక పల్లె దగ్గర గుర్తుపట్టలేని స్థితిలో ఒక శవం కొట్టుకువచ్చింది, దాని మీద తమ్ముడి చొక్కా ఉంది, కాలరు వెనక హైదరాబాద్ దర్జీ లేబులు కూడా ఉంది. అన్నగారు దుర్మార్గుడు కాదు. ఆయనకు త్వరగా తేలాలి, అంతే. శవం దొరకకపోతే ఏడేళ్లు ఆచూకీ లేని తరువాతగాని మనిషి మరణించినట్లు చట్టం భావించదు, భూమి సంగతి అన్నాళ్లూ తేలదు. శవం తమ్ముడిదేనని తేలితే దుఃఖానికీ, కాగితాలకూ రెండింటికీ ఒక ముగింపు దొరుకుతుంది. రఘురాం ఆయన ముఖం చూడగానే ఆయనకు కావలసిన జవాబు ఏమిటో తెలుసుకుంటాడు. తెలుసుకుని దాన్నే రాస్తాడు.

శవం తమ్ముడిది కాదని చెప్పే ఆధారాలు రెండు పెట్టండి.

ఒకటి సముద్రానిది. మన తూర్పు తీరం వెంట పారే ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. స్థూలంగా ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతి వైపు పోతుంది. ఆ రోజుల్లో ఈశాన్య గాలులు కూడా దానికి తోడవుతాయి. దీపావళికి నీటిలో పడిన మనిషి నైరుతికి, అంటే కాకినాడ వైపు కొట్టుకుపోవాలి. ఈశాన్యంగా ఉన్న పల్లెలో తేలాడంటే అతను ఇంకా పైన ఎక్కడో నీటిలో పడ్డాడన్నమాట. ఒడ్డుకు దగ్గరలో నీరు ఒక్కొక్క రోజు ఎదురు పోకడ పోవచ్చు కనుక ఇది ఒక్కటే రుజువు కాదు. దీన్ని అనుమానం పుట్టించడానికి వాడండి.

రెండోది మన ఆచారానిది, నవల మొత్తానికి ఇదే కీలకం కావాలి. మూడో అధ్యాయంలో ఒక మేనత్త మాటల్లో మాటగా అంటుంది: "చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడు నాయనా, తొడలో రాడ్డు వేశారు, చలికాలం వస్తే ఇప్పటికీ కుంటుతాడు." తొమ్మిదో అధ్యాయంలో అస్థిసంచయనం. బూడిద మీద పాలు చల్లి, చల్లారిన తరువాత అన్నగారు పాదాల వైపు నుంచి ఒక్కొక్క ఎముక ఏరి కొత్త కుండలో వేస్తారు. రఘురాం పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాడు. చితి మంటకు ఎముకలు పగిలిపోతాయిగాని ఆపరేషన్‌లో వేసే ఉక్కు రాడ్డు కరిగిపోదు. ఆ బూడిదలో ఇనుము ముక్క ఒక్కటి కూడా లేదు. ఈ మాట మీరు రాయకండి. చేతులు ఏం తీశాయో, కుండలో ఏం పడిందో మాత్రం ఓపికగా రాయండి. జాగ్రత్తగా చదివే పాఠకుడు రఘురాం కంటే ముందే ఉలిక్కిపడతాడు.

చాలామంది ఈ చోట డీఎన్‌ఏ పరీక్ష తెచ్చి చేతులు దులుపుకుంటారు. బంధువులు బట్టలను బట్టి గుర్తుపట్టిన శవానికి ప్రతిసారీ ఆ పరీక్ష చేయించరు, అందుకే మన కథ సాధ్యమైంది. ఎముక మజ్జలో డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నీటి జీవులను వెతికే పరీక్ష కూడా మనిషి నీటిలో మునిగి చనిపోయాడా అన్న ప్రశ్నకు కొంత సాయం చేస్తుందిగాని ఆ మనిషి ఎవరో చెప్పదు.

ఆరో అడుగు: పంచాంగం ముందు పెట్టుకుని కాలక్రమం గీయండి

పై కథకు నాలుగు రాత్రులు ఆయువుపట్లు: దీపావళి అమావాస్య, కార్తీక పౌర్ణమి, కార్తీక అమావాస్య, మార్గశిర పౌర్ణమి. మీ కథ జరిగే సంవత్సరపు పంచాంగం తీసుకుని ఈ తేదీలు రాసుకోండి. ఒక పోటు నుంచి మరుసటి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే ఇవాళ ఒక వేళకు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం తరువాత అదే గంటకు అదే ఒడ్డున అదే మట్టంలో నీరు ఉందని రాస్తే అబద్ధమవుతుంది. దీపావళి రాత్రి టపాసుల మోతలో గంట ఎవరికీ వినిపించదు. తమ్ముడు ఆ రాత్రినే ఎంచుకోవడానికి అది ఒక కారణం కావచ్చు.

వేసవిలో జరిగే కథ అయితే ఇంకొక తేదీ చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్ల మీద వేట నిషేధం ఉంటుంది. మే నెలలో మర బోటు మీద వేటకు పోయానని చెప్పే పాత్ర అబద్ధమాడుతోంది, లేదా చట్టం మీరుతోంది.

ఏడో అడుగు: సమాధానాన్ని హైదరాబాద్‌లో దొరకనివ్వండి

సముద్రం లేని ఈ నగరంలోనే, ప్రగతినగర్‌లో, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. అందరూ ఇన్‌కాయిస్ అనే ఈ సంస్థ 1999లో ఏర్పడింది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం ఇక్కడినుంచే పనిచేస్తోంది. చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో మత్స్యకారులకు చెప్పేది ఈ సంస్థే. సముద్రంలో తప్పిపోయిన మనిషిగాని పడవగాని ఎటు కొట్టుకుపోయి ఉంటుందో అంచనా వేసే సారాట్ అనే సాధనం కూడా వీరిదే. నగరంలో ఇంతకాలం ఉండి కూడా ఈ సంగతి తెలియని రచయితలను చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే హైదరాబాద్‌కూ సముద్రానికీ ఇంతకంటే సహజమైన వంతెన దొరకదు.

రిపోర్టు ఇచ్చి, ఫీజు తీసుకుని, అమీర్‌పేట గదిలో మళ్లీ పెళ్లి సంబంధాల పనిలో పడిన రఘురాం ఒక సాయంత్రం ప్రవాహాల పటం చూస్తాడు. బాణాలన్నీ నైరుతికి పోతున్నాయి. అప్పుడు అతనికి మొదట గుర్తుకు రావలసింది గంట కాదు, బూడిద. అక్కడినుంచి అన్నీ వెనక్కి నడుస్తాయి: రాడ్డు లేదు, కాబట్టి శవం తమ్ముడిది కాదు. చొక్కా తొడిగినవారు ఉన్నారు, కాబట్టి తమ్ముడు బతికే ఉండవచ్చు. పౌర్ణమికి గంట లేదు, కాబట్టి అమావాస్య పడవలకూ అతనికీ సంబంధం ఉంది. ఈసీలో కనబడిన తనఖా అతను ఎందుకు మాయమయ్యాడో చెబుతుంది. అతనికి కొత్త ఆధారం ఒక్కటి కూడా దొరకకూడదు. చూసినవాటినే ఇప్పుడు డబ్బు ఇచ్చినవారి కళ్లతో కాక తన కళ్లతో చూడాలి. మళ్లీ గౌతమి ఎక్కి, వచ్చే అమావాస్యకు ఒడ్డున ఉండాలి. పడవను పట్టుకునే పని మాత్రం పోలీసులకు వదిలేయండి, అతనికి ఆ అధికారం లేదు.

ఎనిమిదో అడుగు: చనిపోయినవాడిని మరవకండి

తమ్ముడు దొరికితే కథ అయిపోయిందని అనుకోవద్దు. మరి ఆ చితి మీద కాలినవాడు ఎవరు? ఇంకా పై తీరంలో ఎక్కడో ఆ పడవ మీద పనిచేసిన కుర్ర కళాసీ, పని కోసం ఎక్కడినుంచో వచ్చి, సరుకు దించుతూ నీటిలో పడిపోయినవాడు. అతని కోసం ఏ స్టేషన్‌లోనూ ఫిర్యాదు లేదు, ఏ అన్నా డిటెక్టివ్‌ను పెట్టుకోలేదు. అతనికి ఇంకొకరి పేరుతో కర్మకాండ జరిగిపోయింది, దానికి ఆధారంగా నిలిచింది రఘురాం రాసిన రిపోర్టు. నా దృష్టిలో ఈ నవల గుండె ఇక్కడే ఉంది. చివరి అధ్యాయంలో రఘురాం రెండు ప్రతులు రాయాలి. అన్నగారికి ఇచ్చే ప్రతి ఆయన వినకూడదనుకున్న వాక్యంతో మొదలవుతుంది: "మీరు దహనం చేసినది మీ తమ్ముణ్ణి కాదు." రెండో ప్రతి పోలీసు స్టేషన్‌కు, ఆ కుర్రవాడి గురించి తెలిసినదంతా రాసి, డబ్బు ఇచ్చేవారు ఎవరూ లేకుండా. ఆ కుర్రవాడి ఊరు దొరికిందా లేదా అన్నది మీ నిర్ణయం. దొరకకపోయినా అతని వయస్సు, అతని చేతి పని, అతన్ని చివరిగా చూసినవారి మాట ఆ కాగితంలో ఉండాలి.

తొమ్మిదో అడుగు: వ్రాతప్రతిని తీరం మనిషి చేత చదివించండి

హైదరాబాద్ పాత్రల మాటను మీరే సరిచూసుకోగలరు. తీరపు పాత్రల మాటను అక్కడి మనిషికి చదివి వినిపించండి. వారు చేపలు పట్టడానికి వెళ్లాం అనరు, వేటకెళ్లాం అంటారు. బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు, సిబ్బందిని కళాసీలు అంటారు. గోదావరి జిల్లాల "ఆయ్", "అండి" ప్రతి వాక్యం చివరా తగిలిస్తే పాత్ర హాస్యగాడైపోతుంది. పెద్దవాళ్ల మాటల్లో, అదీ కొత్త మనిషితో మాట్లాడేటప్పుడు, ఎక్కువగా ఉంచండి. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు తగ్గించండి. వింటున్న మనిషి ఎక్కడ తల అడ్డంగా ఊపాడో ఆ పేజీ అంచున గీత పెట్టి, పోటు వేళ తప్పా, గాలి దిక్కు తప్పా, పిలుపు తప్పా అని అడిగి తెలుసుకుని, ఆ పేజీని మళ్లీ మొదటి వాక్యం నుంచి రాయండి.